కుర్చీ ఎత్తు సరే, కుర్చీ ఎవరికుంది?

ఆఫీసు పనితో వచ్చే నొప్పుల గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. కుర్చీ ఎంత ఎత్తులో ఉండాలి, కంప్యూటర్ తెర కంటికి ఎంత దూరంలో ఉండాలి, గంటకోసారి లేచి ఎట్లా నడవాలి అని వాట్సాప్‌లో బొమ్మలు తిరుగుతుంటాయి. కొన్ని ఆఫీసుల్లో వాటిని గోడకు కూడా అంటిస్తున్నారు. ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఒకే రకం మనిషి ఉంటాడు. ఏసీ గదిలో, మంచి కుర్చీలో, ఇస్త్రీ చొక్కాతో నిటారుగా కూర్చున్న మనిషి. ఆ కుర్చీ కింద నేల తుడిచిన మనిషి బొమ్మలో ఉండదు. ఆమె నడుము ఎంత వంచాలి, ఎంతసేపు వంచాలి అని చెప్పే బొమ్మ మాకు ఇంతవరకూ ఎక్కడా కనపడలేదు.

కావలి నుంచి అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు మీదుగా ముత్తుకూరు దాకా నెల్లూరు తీరంలో పని అంటే ఒకప్పుడు వరి, చేపల వేట, రొయ్యల గుంటలు. ఇప్పుడు వాటితోపాటు రేవు చుట్టూ రవాణా కంపెనీల ఆఫీసులు, కరెంటు కేంద్రాలు, రొయ్యల ఎగుమతి కంపెనీల గదులు, బ్యాంకులు వచ్చాయి. ఊరూరా సచివాలయం ఉంది. ఈ ఆఫీసుల్లోకి దళితవాడ నుంచి రెండు దారుల్లో వెళ్తున్నాం. డిగ్రీ చదివి, పరీక్ష రాసి కీబోర్డు ముందుకు వెళ్లేది ఒక దారి. కాంట్రాక్టరు దగ్గర పేరు రాయించుకుని చీపురు పట్టుకుని వెళ్లేది రెండో దారి. ఒకే ఇంట్లో తల్లిది రెండో దారి, కూతురిది మొదటి దారి అయిన కుటుంబాలూ ఉన్నాయి. ఇద్దరికీ నడుం నొప్పే. కానీ ఆ రెండు నొప్పులకు దొరికే గౌరవం ఒకటి కాదు.

మనిషి ఒంటికి తగ్గట్టు పనినీ పనిముట్టునూ మార్చడాన్ని ఎర్గోనామిక్స్ అంటున్నారు. పని, నియమం అనే రెండు గ్రీకు మాటలు కలిపి 1857లో పోలండ్ శాస్త్రవేత్త ఒకరు ఈ పేరు పెట్టారు. ఇందులో అసలు సంగతి ఒక్కటే: పనికి తగ్గట్టు మనిషి వంగడం కాదు, మనిషికి తగ్గట్టు పని వంగాలి. ఈ మాటను మన ఊళ్ల పద్ధతి పక్కన పెట్టి చూడండి. కొన్ని కులాల ఒళ్లు వంగడానికే పుట్టాయని నమ్మే చోట ఇది చిన్న మాటేమీ కాదు.

ముందు కీబోర్డు దగ్గరి ఒంటి సంగతి చూద్దాం. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు రాష్ట్రంలో దాదాపు 15 వేలు ఉన్నాయి. డిజిటల్ అసిస్టెంటు, సంక్షేమ సహాయకులు, తీరంలోనైతే మత్స్య సహాయకులు, ఇట్లా రకరకాల ఉద్యోగాల్లో రిజర్వేషన్ ద్వారా మన పిల్లలు చాలామంది చేరారు. రోజంతా ధ్రువపత్రాలు, దరఖాస్తులు, వేలిముద్రలు. సర్వర్ మొరాయించినప్పుడు మెడ ముందుకు చాచి తెరలోకి చూస్తూ ఉండిపోవడం. 2024 జులై నుంచి ఒకటో తేదీన ఇంటింటికీ పింఛన్లు పంచేది కూడా వీళ్లే, కాబట్టి ఆ రోజంతా బండి మీద, ఫోన్ మీద వంగిన మెడతోనే గడుస్తుంది.

పెద్ద మనిషి తల సుమారు 5 కిలోల బరువుంటుంది. తల వెన్ను మీద నిలువుగా ఉన్నంతసేపు ఆ బరువు ఎముకల మీద పడుతుంది, కండరాలకు పెద్దగా శ్రమ ఉండదు. తల ముందుకు వంగేకొద్దీ ఆ బరువును వెనక నుంచి లాగి పట్టుకోవాల్సింది మెడ కండరాలే. నిండు బిందెను నడుముకు ఆనించి మోయడానికీ చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో ఇదీ అంతే. అందుకే తెర పై అంచు కంటికి సమానంగా, తెర చెయ్యి చాచినంత దూరంలో ఉండాలంటారు. మోచెయ్యి బల్ల ఎత్తుకు రావాలి, మణికట్టు పైకి విరగకూడదు, పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, వీపుకు ఆసరా ఉండాలి. తెర చూసేటప్పుడు రెప్ప తక్కువగా కొడతాం, అందుకే కళ్లు మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనేది అందుకే. ఆఫీసుకు సముద్రం వైపు కిటికీ ఉంటే ఇంకేం కావాలి.

మరి ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తు మారని బల్ల అయితే? ప్రింటరు కాగితాల కట్టలు రెండు తెర కింద పెడితే ఎత్తు సరిపోతుంది. మడతపెట్టిన తువ్వాలు నడుము వంపులో పెట్టుకుంటే వీపుకు ఆసరా. పాదాలు అందకపోతే చెక్క ముక్కో ఇటుకో. లాప్‌టాప్ మీద రోజంతా పనిచేసేవాళ్లకు కొన్ని వందల రూపాయల విడి కీబోర్డు మెడను చాలావరకు కాపాడుతుంది. వేళ్లకు తిమ్మిరి, రాత్రిపూట అరచెయ్యి మొద్దుబారడం మొదలైతే మాత్రం ఇంటి వైద్యంతో ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో చూస్తారు.

ఇంతవరకూ ఏ పత్రికలోనైనా దొరుకుతుంది. దొరకనిదేమిటంటే, ఈ సలహాలన్నీ ఒక స్వేచ్ఛ ఉందనుకుని రాసినవి. కుర్చీ బాగాలేదని చెప్పే స్వేచ్ఛ, లేచి నాలుగడుగులు వేసే స్వేచ్ఛ, ఫ్యాన్ కింద సీటు అడిగే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ కులాన్ని బట్టి ఉంటుందని ఆఫీసు మెట్లు ఎక్కిన ప్రతి దళితుడికీ తెలుసు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1917లో విదేశీ చదువు నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు కింది ఉద్యోగులు ఫైళ్లను చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరేవాళ్లు. ఆఫీసులో తాగడానికి నీళ్లు ఇచ్చేవాళ్లు కాదు. మరుసటి ఏడాది బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరితే, అందరూ తాగే కుండను ఆయన ముట్టుకోవడం మీద కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ ఉద్యోగి ఆరోగ్య సమస్య అనలేదు. ఎండాకాలం పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా పనిచేయడం ఆరోగ్య సమస్య కాకపోతే ఇంకేమిటి?

అది వందేళ్ల నాటి మాట అనుకునేవాళ్లకు 2020 అక్టోబరు గుర్తుచేయాలి. తడ దాటితే వచ్చే తమిళనాడులోనే, కడలూరు జిల్లా తెర్కు తిట్టై పంచాయతీ సమావేశంలో మిగతావాళ్లంతా కుర్చీల్లో ఉండగా దళిత మహిళా అధ్యక్షురాలు నేల మీద కూర్చున్న ఫొటో దేశమంతా చూసింది. ఎన్నికై, అధ్యక్షస్థానం ఉండి, కుర్చీ లేదు.

మన తీరంలో ఇంత పచ్చిగా ఉండకపోవచ్చు. ఇప్పటి పద్ధతి వేరు. కొత్తగా వచ్చావు కదా అని బాత్రూమ్ గోడ పక్క బల్ల ఇస్తారు. కాలు విరిగిన కుర్చీ తిరిగి తిరిగి ఒకరి దగ్గరికే చేరుతుంది. పై అధికారి తనిఖీకి వచ్చిన రోజు ఎవరి కుర్చీ ఖాళీ చేయించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటి పేరేమిటి, ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు అన్న మూడు ప్రశ్నల తర్వాత సీటు ఎక్కడో తేలిపోతుంది. ఇట్లాంటి చోట నడుం నొప్పి వచ్చినా కుర్చీ మార్చమని అడగరు. అడిగితే, రిజర్వేషన్‌లో వచ్చి సోకులు కూడానా అనే మాట వస్తుందని భయం. భయంతో బిగుసుకున్న భుజాలు మంచి కుర్చీలో కూర్చున్నా వదులుకావు.

ఇక చీపురు దగ్గరికి వద్దాం. మా అభిప్రాయంలో అసలు విషయం ఇక్కడే ఉంది.

పని వల్ల వచ్చే జబ్బుల శాస్త్రం కుర్చీ దగ్గర పుట్టలేదు, పాయిఖానా గుంట దగ్గర పుట్టింది. ఇటలీలోని మొడెనాలో బెర్నార్దినో రమజ్జీని అనే డాక్టరు ఉండేవాడు. ఒకసారి ఆయన ఇంటి మలం గుంట శుభ్రం చేయడానికి పనివాడు వచ్చాడు. ఎందుకంత తొందరపడుతున్నావని డాక్టరు అడిగితే, ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయని ఆ పనివాడు చెప్పాడు. ఆ జవాబు రమజ్జీనిని వదల్లేదు. పనివాళ్లను వరసగా చూసి, మాట్లాడి 1700లో వాళ్ల జబ్బుల మీద పుస్తకం వేశాడు. రోజంతా కూర్చుని రాసే గుమాస్తాల చేతి నొప్పుల గురించి కూడా దాని 1713 కూర్పులో ఉంది. రోగి వస్తే అడగాల్సిన ప్రశ్నల్లో నువ్వు ఏం పని చేస్తావు అన్నది కూడా చేర్చమని డాక్టర్లకు చెప్పింది ఆయనే. మన దగ్గర ఆ ప్రశ్న కులం తెలుసుకోడానికి అడుగుతారు, అది వేరే సంగతి.

ఆఫీసు ఊడ్చే మనిషి ఒంటికి ఏమవుతుందో చూడండి. కొబ్బరి పుల్లల చీపురైనా మెత్తటి పూల చీపురైనా పిడి మూరెడుకు మించదు. దాంతో ఊడ్వాలంటే నడుం దగ్గర సగానికి సగం వంగాలి. తడిగుడ్డ వేసేటప్పుడు గొంతుక్కూర్చుని వెనక్కి వెనక్కి జరగాలి. అట్లా వంగినప్పుడు నడుము కింది పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లల మీద బరువు చాలా రెట్లు పెరుగుతుంది. వంగి, పక్కకు తిరిగి బకెట్ ఎత్తితే ఇంకా ఎక్కువ. గొంతుక్కూర్చునే పనికి మోకాళ్లు అరుగుతాయి. గుడ్డ పిండి పిండి మణికట్టు పోతుంది. కీబోర్డు కొట్టే చేతికి వచ్చే జబ్బే గుడ్డ పిండే చేతికీ వస్తుంది, కాకపోతే రెండోదానికి ఆఫీసులో ఎవరూ పేరు పెట్టరు. సాయంత్రానికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక నొప్పి సూది వేయించుకుని మర్నాడు మళ్లీ పనికి వస్తారు. ఆ సూదులు, బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు ముప్పు.

పిడి పొడుగు చిన్న విషయం అనుకునేవాళ్లు అమెరికాలో కాలిఫోర్నియా పొలాల కథ వినాలి. అక్కడ కూరగాయల పొలాల్లో మెక్సికన్ కూలీలకు పొట్టి పిడి పారలే ఇచ్చేవాళ్లు. రోజంతా వంగి కలుపు తీయాలి. పొడుగు పిడి ఇస్తే మొక్కలు పాడవుతాయని ఆసాములు వాదించారు. లోపలి కారణం ఇంకొకటుంది. పొట్టి పారతో పనిచేసే మనిషి నిటారుగా నిలబడ్డాడంటే పని ఆపాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. నడుములు శాశ్వతంగా దెబ్బతింటున్నాయని డాక్టర్లు సాక్ష్యం చెప్పారు, కూలీల తరఫు లాయర్లు కోర్టుకు వెళ్లారు, 1975లో ఆ రాష్ట్రంలో పొట్టి పారను నిషేధించారు. పంటలేమీ ఆగిపోలేదు.

మన ఆఫీసుల్లోనూ అంతే. పొడుగు కర్ర చీపురు, నిలబడి తుడిచే మాప్, కాలితోనో మీటతోనో పిండే బకెట్, ఈ మూడింటి ఖర్చు ఒక మంచి ఆఫీసు కుర్చీ కన్నా తక్కువ. అయినా కొనరు. వాటితో మూలలు సరిగ్గా రావంటారు. వంగి ఊడిస్తేనే ఊడ్చినట్టు కనపడుతుంది మరి.

నీళ్ల సంగతి ఇంకో ఉదాహరణ. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆఫీసులన్నీ 20 లీటర్ల డబ్బాలు తెప్పించుకుంటాయి. డబ్బాలో నీళ్లే 20 కిలోలు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, పక్కకు తిరగకుండా ఎత్తితే, గరిష్ఠంగా 23 కిలోలు. నేల మీది నుంచి ఎత్తి, ఛాతీ ఎత్తున్న స్టాండు మీద తిరగేసి పెట్టేటప్పుడు ఆ పరిమితి బాగా పడిపోతుంది. ఆ డబ్బా ఎత్తేది చాలాచోట్ల ఊడ్చే ఆమే. డబ్బాను నేల మీదే ఉంచి మూతికి చేత్తో నొక్కే చిన్న పంపు బిగిస్తే ఎత్తే పనే ఉండదు. ఇంత కష్టపడి ఆమె ఎత్తిపెట్టిన నీళ్లు తాగడానికి ఆమెకు గ్లాసు విడిగా, కిటికీలో పెట్టి ఉంటుంది. వయసులో అందరికన్నా పెద్దదైనా ఆమెకు పిలుపు ‘ఏమే’. అదే గదిలో కుర్చీలో ఉన్న పాతికేళ్ల కుర్రాడు ‘సార్’. విడిగా పెట్టిన గ్లాసు అంటరానితనమే, దాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది.

బాత్రూమ్‌ల దగ్గర ఒక్క విషయం తప్పకుండా గుర్తుంచుకోవాలి. మరకలు పోవడానికి వాడే బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకూడదు, ఒకదాని తర్వాత ఒకటి వెంటనే పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. దగ్గు, కళ్ల మంట మొదలైతే వెంటనే బయటకు రావాలి, తలుపు తెరిచి వదిలేయాలి. డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదువురాని మనిషి చేతికి దాన్ని ఇచ్చేటప్పుడు నోటితో చెప్పడం ఇచ్చినవాళ్ల బాధ్యత.

ఆఫీసు సెప్టిక్ ట్యాంకు కూడా పనిచోటే. అది నిండినప్పుడు మనిషిని పిలిచి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. నేరుగా పిలిచినా, ఎవరి ద్వారానో పిలిపించినా నేరమే. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి నడిపిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న బల్‌రామ్ సింగ్ కేసు తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. మురుగు, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో కేంద్రం నమస్తే పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మందిలో 69 శాతం దాకా ఎస్సీలే. ఎస్టీ, బీసీలను కలిపితే 92 శాతం. దిగే ముందు ట్యాంకు మూత తీసి ఉంచామని, అగ్గిపుల్ల గీసి చూశామని చెప్పేవాళ్లను నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది.

చట్టం ఏమంటోంది? ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను 2020లో పార్లమెంటు చేసింది, 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. మొదటి సెక్షన్‌లోనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించదని రాశారు. అంటే సచివాలయంలో కీబోర్డు ముందున్న అమ్మాయికి ఇది లేదు. కానీ ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది: ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టరు ద్వారా పనిచేసే కార్మికులకు వర్తిస్తుంది, అప్పుడు ప్రభుత్వమే ప్రధాన యజమాని. కుర్చీలో ఉన్నవాళ్లకు లేని చట్టం చీపురు పట్టినవాళ్లకు ఉంది. నేరుగా నెలకింత అని చేతికిచ్చి పెట్టుకున్న మనిషి మాత్రం ఈ రెండిటికీ మధ్య జారిపోతుంది. తక్కువ ఖర్చుతో పని గడుపుకునే ఆఫీసులకు అది బాగా తెలుసు.

ఇంకో మెలిక సంఖ్య. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం 20 మంది ఉంటే వర్తించేది. కొత్త కోడ్ దాన్ని 50కి పెంచింది. మా ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం కదా అని నిరాశపడక్కర్లేదు. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు దగ్గర అన్ని ఆఫీసుల్లో కలిపి 50 మంది ఉంటే చాలు. అందుకే మొదట తెలుసుకోవాల్సింది మన ఏజెన్సీ కింద మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారన్నది. అది తేలితే 53వ సెక్షన్ పనికొస్తుంది. తాగునీరు, మరుగుదొడ్డి, గాలి, వెలుతురు, నిలబడి పనిచేసేవాళ్లు కూర్చోడానికి ఏర్పాటు, ఇవన్నీ కాంట్రాక్టు కార్మికులకు ప్రధాన యజమానే సమకూర్చాలని అది చెబుతోంది. వాళ్లు మా మనుషులు కాదు, కాంట్రాక్టరును అడుక్కోండి అనే జవాబు ఇక చెల్లదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొట్టినా ప్రధాన యజమాని కట్టాలని 55వ సెక్షన్ అంటోంది.

నిలబడేవాళ్లకు కూర్చునే చోటు అన్న మాట కొత్తదేమీ కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్‌గా ఉండేది. అది ఫ్యాక్టరీ గేటు దాటి బట్టల షాపుల్లోకి రావడానికి 70 ఏళ్లు పట్టింది. కోజికోడ్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు పోరాడితే 2018లో కేరళ కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. నెల్లూరు షాపుల్లో పగలంతా నిలబడే ఆడపిల్లలకు, ఆఫీసు గేటు దగ్గర 12 గంటలు నిలబడే సెక్యూరిటీ వాళ్లకు కాళ్లలో నరాలు ఉబ్బి నల్లబడటం మనకు తెలిసిందే. పక్క రాష్ట్రం ఎక్కువ దూరంలో లేదు.

పని గంటల గురించి కూడా ఒక మాట. వారానికి 55 గంటలు దాటి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ కాలంలోనే, 1946 సవరణతో ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పరిమితి వచ్చింది. మన రాష్ట్ర కేబినెట్ మాత్రం ఫ్యాక్టరీల్లో రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని 2025 జూన్‌లో నిర్ణయించింది. పదో గంట పని అయ్యాక నేల తుడిచే మనిషికి అది పదకొండో గంట.

ముత్తుకూరు మండలం నేలటూరులో సముద్రం పక్కనున్న కరెంటు కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రిగా ఆయన్ను గుర్తుచేస్తారు, విగ్రహాలకు దండలు వేస్తారు. 1964 నుంచి 1966 దాకా ఆయన కేంద్ర కార్మిక మంత్రి అని, 1965 బోనస్ చట్టం ఆయన హయాంలోనే వచ్చిందని ఎక్కువమంది చెప్పరు. ఈ తీరంలో దళిత కార్మికులు తమ అర్జీ పైన పెట్టుకోవాల్సిన పేరు అది.

అర్జీ ఎట్లా రాయాలని చాలామంది అడుగుతుంటారు. ముందు చేయాల్సింది జబ్బును కాగితం మీదికి తేవడం. సీసం విషం, సిలికోసిస్ లాంటివి ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి గానీ నడుం నొప్పి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో మాత్రం కండరాల, కీళ్ల జబ్బులున్నాయి. అందుకని ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏం పని చేస్తారో, రోజుకు ఎన్ని గంటలు వంగుతారో, ఎంత బరువు ఎత్తుతారో చెప్పి చీటీ మీద రాయమనాలి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే అక్కడే చూపించుకోవాలి. జీతంలో ఈఎస్‌ఐ కోసి కార్డు ఇవ్వకపోతే అది విడిగా ఇంకో ఫిర్యాదు.

అర్జీ కాంట్రాక్టరుకు కాదు, ప్రధాన యజమానిగా ఆఫీసు అధిపతికి రాయాలి. నకలు జిల్లా కార్మిక శాఖకు పంపాలి. బ్యాంకు, రైల్వే లాంటి చోటైతే కేంద్ర కార్మిక శాఖ అధికారులకు. సీటులో, గ్లాసులో, పిలుపులో కులం కనపడితే ఆ భాగం విడిగా రాసి ఎస్సీ కమిషన్‌కు పంపాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఫిర్యాదులు కూడా కమిషన్ వింటుంది. ఒక్కరే సంతకం పెడితే మర్నాటి నుంచి పని ఉండకపోవచ్చు కాబట్టి నలుగురైదుగురు కలిసి, కుదిరితే యూనియన్ ద్వారా పెట్టడం మేలు. కీబోర్డు ముందున్న మన పిల్లలు ఇక్కడ పనికొస్తారు. టైపు చేయడం వాళ్లకు వచ్చు, ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో వాళ్లకు తెలుసు.

అర్జీలో పెద్ద మాటలు అక్కర్లేదు. పొడుగు కర్ర చీపుర్లు, పిండే బకెట్, చేతి తొడుగులు, నీళ్ల డబ్బాకు పంపు, యాసిడ్ బదులు మరుగుదొడ్డి కడిగే మామూలు సబ్బు ద్రావణం, బట్టలూ అన్నం క్యారేజీ పెట్టుకోడానికి తాళమున్న అల్మరా, పని మధ్య కూర్చోడానికి కుర్చీ, ఆ కుర్చీ వేసుకోడానికి ఫ్యాన్ ఉన్న చోటు. తేదీ వేసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.